మొదటి హాకీ ఆట రూకీలదే చూడండి

ప్రశ్న: మేము ఏప్రిల్‌లో హైదరాబాద్ నుంచి న్యూజెర్సీ వచ్చాం. బ్రిడ్జ్‌వాటర్ దగ్గర ఉంటున్నాం. సెప్టెంబరులో అలెన్‌టౌన్‌లో జరిగే రూకీ హాకీ ఆటకి కుటుంబంతో రమ్మని మా వారి మేనేజర్ పిలిచారు. ఐస్ హాకీలో మాకు ఓనమాలు కూడా తెలియవు. ఆటగాళ్లు కొట్టుకుంటారని విన్నాం. ఎనిమిదేళ్ల బాబుని తీసుకెళ్లొచ్చా? ఏమీ తెలియకుండా వెళ్లి కూర్చుంటే మా వారికి చిన్నతనంగా ఉంటుందేమో. ఏదో ఒక వంక చెప్పి మానేద్దామా?

జవాబు: మానకండమ్మా. తప్పకుండా వెళ్లండి. ఈ రాష్ట్రంలో ఇరవై ఏళ్లకు పైగా ఉంటున్న దానిగా చెబుతున్నాను, మిమ్మల్ని పిలిచింది మామూలు ఆటకి కాదు, రూకీల ఆటకి, అంటే పెద్ద జట్లలోకి రావాలని చూసే కొత్త కుర్రాళ్ల ఆటకి. కొత్తగా వచ్చినవాళ్లు మొదట చూడాల్సింది అదే.

మా మొదటి ఆట అలా జరగలేదు. వచ్చిన ఏడాది చలికాలంలో మా ఆయన ఆఫీసు వాళ్లు ఈస్ట్ రూథర్‌ఫర్డ్‌కి పెద్ద లీగ్ ఆటకి తీసుకెళ్లారు. చుట్టూ పద్దెనిమిది వేల మంది. అందరికీ అన్ని పేర్లూ తెలుసు, ఏ విజిల్ ఎందుకు ఊదారో తెలుసు. మేమిద్దరం పక్కవాళ్లు చప్పట్లు కొడితే కొట్టాం, లేస్తే లేచాం. తలనొప్పితో ఇంటికొచ్చాం. ఆ తర్వాత నాలుగేళ్ల పాటు ఎవరు పిలిచినా వెళ్లలేదు. ఆ నాలుగేళ్లూ ఊరికే పోయాయని ఇప్పటికీ బాధగా ఉంటుంది.

రూకీల ఆట వేరు. ఇక్కడి పెద్ద లీగ్ ఎన్‌హెచ్‌ఎల్, అంటే నేషనల్ హాకీ లీగ్. అందులో 32 జట్లున్నాయి. ఏటా వేసవిలో డ్రాఫ్ట్ జరుగుతుంది, అంటే జట్లు వంతుల వారీగా కొత్త కుర్రాళ్లని ఎంచుకుంటాయి. ఏడు రౌండ్లు, మొత్తం 224 మంది కుర్రాళ్లు. వాళ్లలో ఎక్కువమందికి అప్పటికి పద్దెనిమిదేళ్లు. అక్టోబరు ప్రాంతంలో అసలు సీజన్ మొదలవుతుంది. అంతకుముందు, పెద్ద ఆటగాళ్లు ఇంకా శిబిరానికి రాకముందే, సెప్టెంబరులో ఈ కుర్రాళ్లని పిలిచి వేరే జట్టు కుర్రాళ్లతో ఆడిస్తారు. మనకి దగ్గర్లో అయితే కొన్నేళ్లుగా ఫిలడెల్ఫియా ఫ్లయర్స్ రూకీలూ న్యూయార్క్ రేంజర్స్ రూకీలూ అలెన్‌టౌన్‌లోని పీపీఎల్ సెంటర్‌లో ఆడుతున్నారు. అది ఫ్లయర్స్ కింది జట్టు లీహై వ్యాలీ ఫాంటమ్స్‌కి 2014 నుంచి సొంత మైదానం. పెద్ద లీగ్ మైదానాల్లో సగం కూడా ఉండదు. ఎక్కడ కూర్చున్నా ఐస్ దగ్గరగానే కనిపిస్తుంది. టికెట్ ధర కూడా పెద్ద లీగ్‌తో పోలిస్తే చాలా తక్కువ.

ఈ ఆటకి పాయింట్లు లేవు, పట్టికలో లెక్క లేదు. జెర్సీల మీద అరవైలు, డెబ్బైలు, తొంభైలు కనిపిస్తాయి. చిన్న నంబర్లు చాలావరకు పెద్ద ఆటగాళ్ల దగ్గర ఉంటాయి కదా. ముప్పై ఏళ్లుగా ఫ్లయర్స్‌ని చూస్తున్న పెద్దాయన కూడా ఆ రోజు ఆటగాళ్ల జాబితా చేతిలో పట్టుకుని, "ఈ 83 ఎవరు?" అని పక్కవాళ్లని అడుగుతాడు. మీకు తెలియని పేర్లు అక్కడ చాలామందికీ తెలియవు. అందుకే చిన్నతనం అన్న మాట మనసులోంచి తీసేయండి. మీ మేనేజర్ గారిని కూడా నేరుగా అడిగేయండి, "ఈరోజు మీరు ఏ కుర్రాణ్ణి చూడటానికి వచ్చారు?" అని. ఇష్టంగా చెబుతారు. తెలిసినట్టు నటించొద్దు, ఆటంటే ప్రాణమిచ్చేవాళ్లు రెండు నిమిషాల్లో పట్టేస్తారు.

వెళ్లేముందు తెలియాల్సింది కొంచెమే. ఇక్కడ హాకీ అంటే ఐస్ హాకీనే. మన హైదరాబాదీ ముఖేష్ కుమార్ మూడు ఒలింపిక్స్‌లో ఆడిన హాకీని ఇక్కడ ఫీల్డ్ హాకీ అంటారు, బడుల్లో ఎక్కువగా ఆడపిల్లలు ఆడతారు. ఐస్ మీద ఒక్కో జట్టుకి ఐదుగురు, ఒక గోలీ అంటే గోల్‌కీపర్. ఇరవై నిమిషాల పీరియడ్లు మూడు. పక్ ఒక అంగుళం మందం, మూడు అంగుళాల వెడల్పు ఉన్న గట్టి రబ్బరు బిళ్ల. ఐస్ మీద ఎగరకుండా ఉండటానికి దాన్ని ముందే ఫ్రీజ్ చేస్తారు. పక్ కన్నా ముందు ఆటగాడు నీలం గీత దాటి అవతలి జట్టు వైపు వెళ్తే ఆఫ్‌సైడ్. మధ్యలో ఉన్న ఎర్ర గీతకి ఇవతలి నుంచే పక్‌ని అవతలి చివరికి కొట్టి పారేస్తే ఐసింగ్. తప్పు చేసినవాణ్ణి రెండు నిమిషాలు పక్కన పెట్టెలో కూర్చోబెడతారు, అప్పుడు అవతలి జట్టుకి పవర్ ప్లే, అంటే ఐస్ మీద వాళ్లకి ఒక మనిషి ఎక్కువ. ఇంతే చాలు.

మొదట్లో పక్ కనిపించదు. కంగారు పడకండి, అందరికీ అంతే. పక్‌ని వెతక్కుండా గోలీని చూడండి, అతను ఎటు తిరిగితే పక్ అటుంటుంది. నాకు ఇది నేర్పింది మా పక్కింటి ముసలావిడ. ఆవిడ చెప్పాకే నాకు ఆట కళ్లకి కనిపించింది.

కానీ నా మనసుకి ఆటకన్నా ఈ కుర్రాళ్ల సంగతే పెద్దది. కెనడాలో జూనియర్ లీగుల్లోకి వెళ్లే పిల్లలు చాలామంది పదహారేళ్లకే ఇల్లు వదిలేస్తారు. ఎక్కడో ఎనిమిది గంటల దూరంలో ఉన్న ఊళ్లో ముక్కూమొహం తెలియని కుటుంబం వాళ్లని ఇంట్లో పెట్టుకుని అన్నం పెడుతుంది. బిల్లెట్ ఫ్యామిలీ అంటారు. పొద్దున బడి, సాయంత్రం ప్రాక్టీసు, రాత్రంతా బస్సులో ఇంకో ఊరికి. పదో తరగతి కాగానే ట్రంకు పెట్టె, పచ్చడి సీసా సర్దుకుని ఇంటర్ హాస్టల్‌కి వెళ్లిన మన పిల్లలు నాకు గుర్తొస్తారు. డ్రాఫ్ట్‌లో పేరు వచ్చినంత మాత్రాన పెద్ద జట్టులో చోటు వచ్చినట్టు కాదు. జట్టులో ఉండేది 23 మంది. పద్దెనిమిది, పందొమ్మిదేళ్ల వాళ్లని తొమ్మిది ఆటల వరకూ ఆడించి వెనక్కి జూనియర్‌కి పంపితే కాంట్రాక్టులో ఆ ఏడాది లెక్కలోకే రాదు. అందుకే ఆ తొమ్మిది ఆటల దగ్గర ఆగిపోయే కుర్రాళ్లు ఏటా ఉంటారు. ఇంకొందరు డ్రాఫ్ట్‌లో ఎవరూ ఎంచుకోకపోయినా ట్రయల్ మీద వస్తారు. ఈ రెండు మూడు ఆటల్లో ఎవరో ఒకరి కంట్లో పడాలి.

అలాంటి ఒక కుర్రాడి నాన్న పక్కన కూర్చుని ఆట చూశాను. కొన్నేళ్ల క్రితం, ఇలాంటి సెప్టెంబరు సాయంత్రమే. మా అబ్బాయికి అప్పుడు పదేళ్లు. నా పక్క సీట్లో ఒక పెద్ద మనిషి, మొరటు చేతులు, పాత ఉన్ని టోపీ. కాఫీ కప్పు కాళ్ల దగ్గర పెట్టుకున్నాడు కానీ ఒక్క గుక్క తాగలేదు. 78 నంబరు కుర్రాడు ఐస్ మీదికి దిగినప్పుడల్లా సగం లేచి మళ్లీ కూర్చునేవాడు. ఒళ్లో ఒక కాగితం, దాని మీద పెన్నుతో గీతలు. నాలుగు నిలువుగా, ఐదోది అడ్డంగా, మా నాన్న పాలవాడి లెక్క గోడ మీద రాసినట్టే. మా వాడు ఉండబట్టలేక అడిగేశాడు, అవేంటని. కొడుకు ఎన్నిసార్లు దిగాడో లెక్క రాస్తున్నానన్నాడు. ఒక్కోసారి దిగితే ఐస్ మీద ఉండేది నలభై, యాభై సెకన్లే. ఉత్తర ఒంటారియో నుంచి తెల్లవారుజామున బయల్దేరి వచ్చాడట. అబ్బాయిని డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోలేదు, ట్రయల్ మీద పిలిచారు.

గుంటూరులో నేను ఎంసెట్ రాసిన రోజు గుర్తొచ్చింది. మూడు గంటలూ మా నాన్న పరీక్ష హాలు బయట ఎండలో నిలబడే ఉన్నారు, చేతిలో మజ్జిగ సీసా అలాగే ఉంది. మూడో పీరియడ్‌లో 78 ఒక దెబ్బ తిని ఐస్ చుట్టూ ఉండే గ్లాస్‌కి కొట్టుకున్నాడు. ఆ చప్పుడుకి సీట్లు అదిరాయి. తండ్రి కదల్లేదు. కుర్రాడు లేచి, కింద పడిన స్టిక్ తీసుకుని మళ్లీ పరిగెత్తాక, కాగితం మీద ఇంకో గీత గీశాడు. ఆట అయ్యేసరికి పదిహేడు గీతలు. ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. పది రోజుల తర్వాత పెద్ద శిబిరం జాబితాలో ఆ పేరు లేదు. మా వాడు రెండు రోజులు సరిగా అన్నం తినలేదు.

అందుకే అంటున్నాను, బాబుని తీసుకెళ్లండి. ఇక గొడవల సంగతి దాచను. కొట్టుకుంటారు. రూకీల ఆటలో ఇంకొంచెం ఎక్కువగా జరగొచ్చు, ఎందుకంటే ఎలాగైనా కోచ్ కంట్లో పడాలనే తాపత్రయం వాళ్లది. చేతి తొడుగులు కింద పడేసి కలబడతారు, ఐస్ మీదున్న అధికారులు విడదీస్తారు, ఒక్కొక్కరికీ ఐదు నిమిషాల శిక్ష. ముందే బాబుతో కూర్చుని చెప్పండి, ఇది ఆటలో తప్పు, తప్పు చేస్తే పెట్టెలో కూర్చోవాలి అని. మా వాడు మొదటిసారి చూసినప్పుడు నా కొంగు పట్టుకున్నాడు, శిక్ష పడిందని చెప్పాక సర్దుకున్నాడు. నాకు మాత్రం ఈ కొట్లాటలు ఇప్పటికీ నచ్చవు. అవి లేకపోయినా ఆట ఏమీ తగ్గదు.

అసలు భయం పక్‌తోనే ఉండాలి. 2002లో కొలంబస్‌లో ప్రేక్షకుల్లో కూర్చున్న పదమూడేళ్ల అమ్మాయికి పక్ తగిలి ప్రాణం పోయింది. ఆ తర్వాతే గోల్ వెనకాల ప్రేక్షకుల ముందు ఎత్తైన వలలు తప్పనిసరి చేశారు. పిల్లాడితో వెళ్లినప్పుడు ఆ వల వెనక సీట్లయితే మంచిది. టికెట్లు ఇంకా కొనకపోతే మేనేజర్ గారిని మొహమాటం లేకుండా అడగండి. ఎక్కడ కూర్చున్నా ఆట నడుస్తున్నప్పుడు ఫోన్‌లో తల పెట్టొద్దు.

మీ ఇంటి నుంచి 78 హైవే మీద సుమారు గంట ప్రయాణం. బయట సెప్టెంబరు ఎండ ఉన్నా లోపల చలేస్తుంది. ముగ్గురికీ జాకెట్లు, బాబుకి సాక్సులు. బ్యాగుల నిబంధనలు ఆ ఎరీనా సైట్‌లో ముందే చూసుకోండి. ఒకసారి ఒక ఎరీనాకి నేను పెద్ద హ్యాండ్‌బ్యాగు, అందులో పులిహోర డబ్బా పట్టుకెళ్లి, గేటు దగ్గర వెనక్కి పంపేస్తే పార్కింగ్ దాకా నడిచాను. వచ్చేసరికి మొదటి గోల్ అయిపోయింది. ఇంట్లో తినేసి వెళ్లండి. శాకాహారం అయితే లోపల పాప్‌కార్న్, ఫ్రెంచ్ ఫ్రైస్ లాంటివి దొరుకుతాయి. గంట ముందు చేరితే వార్మప్ చూడొచ్చు. గ్లాస్ దగ్గరికి వెళ్లి నిలబడిన పిల్లలకి ఆటగాళ్లు ఒక్కోసారి పక్ విసిరిస్తారు. జాతీయ గీతం వచ్చినప్పుడు లేచి నిలబడి టోపీ తీయాలి. బాత్రూమ్‌కి వెళ్లి తిరిగొస్తే ఆట ఆగే వరకూ మెట్ల దగ్గరే ఆగాలి, వెనకవాళ్లకి అడ్డం రాకూడదు. ఒకే ఆటగాడు మూడు గోల్స్ కొడితే జనం టోపీలు ఐస్ మీదికి విసురుతారు. బాబు తన టోపీ విసరాలంటే విసరనివ్వండి, తిరిగి రాదని ముందే చెప్పండి.

మనలాంటి పేర్లు ఉంటాయా అని బాబు అడుగుతాడు, మా వాడూ అడిగాడు. ఉన్నాయి. రాబిన్ బావా 1989లోనే ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆడాడు, పంజాబీ కుటుంబం. 1998 డ్రాఫ్ట్‌లో ఇదే రేంజర్స్ ఏడో స్థానంలో ఎంచుకున్న కుర్రాడు మానీ మల్హోత్రా, తండ్రి భారతీయుడు. అర్ష్‌దీప్ బెయిన్స్‌ని డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోలేదు, అయినా 2024లో వాంకూవర్ తరఫున పెద్ద లీగ్‌లో అడుగుపెట్టాడు.

ఆట చూసొచ్చాక బాబు నేర్చుకుంటానంటే వెంటనే సామాన్లు కొనేయకండి. హాకీ ఖర్చు మామూలుగా ఉండదు, పొద్దున ఐదింటికి ఐస్ టైమ్ ఇస్తారు. ముందు యూఎస్‌ఏ హాకీ వాళ్లు నడిపే ఉచిత ట్రయల్ రోజులకి తీసుకెళ్లండి. జట్లు నడిపే 'లెర్న్ టు ప్లే' తరగతుల్లో తక్కువ ఫీజుకే మొదటి కిట్ కూడా ఇస్తారు. మా వాడు ఆరు వారాలు వెళ్లి, తనకి ఈత ఇష్టమని మానేశాడు. కానీ ఆట చూడటం మాత్రం ఇప్పటికీ మానలేదు.

లోపలికి వెళ్లగానే ఆటగాళ్ల జాబితా దొరుకుతుందేమో చూడండి, లేకపోతే ఫోన్‌లో తెరిచి పెట్టుకోండి. మీరు, మీ వారు, బాబు తలా ఒక నంబరు ఎంచుకోండి. ఆ ఒక్కడు ఎన్నిసార్లు ఐస్ మీదికి దిగాడో కాగితం మీద గీతలు గీయమని బాబుకి పెన్ను ఇవ్వండి. వాడు ఏ నంబరు ఎంచుకున్నాడో, ఎన్ని గీతలు వచ్చాయో నాకు రాయండి. పెద్ద శిబిరం జాబితా వచ్చినప్పుడు ఆ పేరు కోసం నేనూ చూస్తాను.