కాలిబాట అని గుర్తు పెట్టిన చోట మౌంటెన్ బైక్ తొక్కవద్దనే నేనంటాను

"ఇంగ్లండ్‌లో పొలాల మధ్య నుంచి వెళ్లే కాలిబాటల మీద మౌంటెన్ బైక్ తొక్కవచ్చా? నేరమేమీ కాదు, జరిమానా ఉండదు, అందరూ తొక్కుతూనే ఉన్నారు అంటున్నారు, నిజమేనా?" అని మీరు అడిగారు.

నేను ఇంగ్లండ్ ఉత్తర భాగంలో కొండల దగ్గర చాలా ఏళ్లుగా ఉంటున్నాను. బైక్ తొక్కుతాను, దానికంటే ఎక్కువ నడుస్తాను. మీరు విన్నదాంట్లో నిజం ఉంది. అయినా తొక్కవద్దనే చెబుతాను. చట్టం దానికి ముఖ్య కారణం కాదు. కానీ రెండు వైపుల వాళ్లూ చట్టం గురించి సగం సగం మాటలే చెబుతుంటారు కాబట్టి ముందు అది తేల్చేస్తాను.

ఇంగ్లండ్, వేల్స్‌లలో సొంతదారుల భూముల మీదుగా కూడా జనానికి వెళ్లే హక్కున్న దారులు సుమారు 2,25,000 కిలోమీటర్లు ఉన్నాయి. వాటిని నమోదు చేసే పద్ధతి 1949 నాటి చట్టంతో వచ్చింది. దాదాపు ప్రతి ప్రాంతంలోనూ కౌన్సిల్ దగ్గర డెఫినిటివ్ మ్యాప్ ఒకటి ఉంటుంది, ఏ దారి ఏ రకమో అందులో ఉన్నదే లెక్క. ఎక్కువ భాగం ఫుట్‌పాత్‌లే, అంటే కాలిబాటలు, నడిచేవాళ్లకు మాత్రమే. రోడ్డు పక్కన ఉండే పేవ్‌మెంట్ సంగతి వేరు, అక్కడ సైకిల్ తొక్కడం 1835 నాటి చట్టం కిందే నేరం. గుర్రాలకు కూడా హక్కున్న దారి బ్రైడిల్‌వే. 1968లో వచ్చిన కంట్రీసైడ్ చట్టం సైకిళ్లను బ్రైడిల్‌వేల మీదికి అనుమతించింది, నడిచేవాళ్లకూ గుర్రాల మీద వచ్చేవాళ్లకూ సైకిల్ వాళ్లే దారి ఇవ్వాలని షరతు పెట్టింది. ఇవి కాక బండ్లకు కూడా హక్కున్న బైవేలు ఉన్నాయి, వాటి మీదా తొక్కవచ్చు. అన్నీ కలిపినా సైకిల్‌కు హక్కున్నది మొత్తం దారుల్లో ఐదో వంతుకు కాస్త ఎక్కువ, అంతే.

మరి ఫుట్‌పాత్ మీద తొక్కితే ఏమవుతుంది? భూమి సొంతదారు అనుమతి లేకపోతే అది ట్రెస్‌పాస్, అంటే హక్కు లేకుండా ఇతరుల భూమిలోకి పోవడం. ఆయనకూ మీకూ మధ్య సివిల్ వ్యవహారం. ఆ దారికి ప్రత్యేకంగా బైలా (స్థానిక నియమం) గానీ ట్రాఫిక్ ఆర్డర్ (రాకపోకల మీద ఉత్తర్వు) గానీ ఉంటే తప్ప నేరం కాదు. సొంతదారు మిమ్మల్ని వెళ్లిపొమ్మనవచ్చు, పదేపదే చేస్తే కోర్టుకు వెళ్లవచ్చు. నిజంగా కోర్టుదాకా వెళ్లినవాళ్లను నేను చూడలేదు. కాబట్టి "జరిమానా ఉండదు" అని మీకు చెప్పినవాళ్లు అబద్ధం చెప్పలేదు.

కానీ నష్టం జరిగేది భూమి సొంతదారుకు కాదు కదా. ఆ దారిలో నడుస్తున్న మనిషికి.

మా అమ్మ ఇక్కడికి వచ్చినప్పుడు నాతో కలిసి నడవడం ఆమెకు చాలా ఇష్టం. ఆమెకు వినికిడి తక్కువ. ఊళ్లో ఎక్కడికెళ్లినా ట్రాఫిక్ భయంతో నా చెయ్యి పట్టుకునే ఉంటుంది. కాలిబాట ఎక్కాక మాత్రం చెయ్యి వదిలేసి నాకంటే ముందు నడుస్తుంది, గొర్రెల్ని చూస్తూ ఆగుతుంది, తోచినప్పుడు కదులుతుంది. ఒకరోజు రెండు రాతిగోడల మధ్య ఇరుకు దారిలో వెళ్తుంటే వెనక నుంచి ముగ్గురు బైకుల మీద దిగొచ్చారు. వాళ్లు మర్యాదస్తులే. బెల్ కొట్టారు, వేగం తగ్గించారు, "సారీ, థాంక్యూ" అన్నారు. బెల్ అమ్మకు వినపడలేదు. పక్కనుంచి హ్యాండిల్ రాసుకున్నంత దగ్గరగా పోయేసరికి ఉలిక్కిపడి గోడ పట్టుకుంది. దెబ్బేమీ తగల్లేదు. కానీ మిగిలిన దారంతా రెండడుగులకోసారి వెనక్కి తిరిగి చూస్తూనే నడిచింది. తర్వాతి రోజుల్లో కూడా నన్ను వెనక నడవమని అడిగేది, ఎవరైనా వస్తే చెబుతానని.

ఆ ముగ్గురూ ఇంటికెళ్లి "ఎవరికీ ఇబ్బంది కలగలేదు" అనుకుని ఉంటారు. వాళ్లకు కనబడిన మేరకు అది నిజమే.

కాలిబాట విలువ నా దృష్టిలో ఇదే. వెనక్కి చూసుకోవాల్సిన పని లేని దారి అది. ముసలివాళ్లు, చూపు తక్కువైనవాళ్లు, చిన్నపిల్లల చెయ్యి వదిలేసి నింపాదిగా నడిచే తల్లిదండ్రులు, కుక్కను తాడు లేకుండా తిప్పేవాళ్లు... వీళ్లందరూ కాలిబాటకు పెట్టే పసుపు బాణం గుర్తు చూసి "ఇక్కడ చక్రాలు రావు" అన్న నమ్మకంతో అడుగు పెడతారు. బైక్ ఎంత నెమ్మదిగా పోయినా, ఒక్కసారి వచ్చిందంటే ఆ నమ్మకం పోతుంది. అందుకే "మర్యాదగా తొక్కితే చాలు" అన్న వాదన నాకు సరిపోదు. బ్రైడిల్‌వే మీద అది సరిపోతుంది, ఎందుకంటే అక్కడికి వచ్చే మనిషి గుర్రమో బైకో వస్తుందని తెలిసే వస్తాడు.

నడిచేవాళ్లు చెప్పే అన్ని వాదనలూ నేను ఒప్పుకోను. "టైర్లు దారిని పాడుచేస్తాయి" అనేది ఎక్కువగా వినిపిస్తుంది. బ్రేకులు బిగబట్టి వెనక చక్రం ఈడిస్తే గాడి పడుతుంది, వానకు ఆ గాడి కాలవ అవుతుంది, నిజమే. పీట్ నేల (కుళ్లిన మొక్కలతో ఏర్పడిన మెత్తటి నేల) తడిగా ఉన్నప్పుడైతే మరీను. కానీ పేరున్న కొండలెక్కే దారుల్లో మీటర్ల వెడల్పున నేల ఊడిపోయింది బూట్ల వల్లే, బురద తప్పించుకోవడానికి పక్కకు పక్కకు నడిచినవాళ్ల వల్లే. గుర్రపు డెక్కలు తొక్కిన బ్రైడిల్‌వే చలికాలంలో ఎలా ఉంటుందో తొక్కినవాళ్లకు తెలుసు. కాబట్టి నేల గురించి మాట్లాడేటప్పుడు బైక్ ఒక్కదాన్నే దోషిగా నిలబెట్టడం న్యాయం కాదు.

అలాగే ఈ దారుల విభజన ఏమీ శాస్త్రీయంగా జరగలేదు. ఇది నాకూ కోపం తెప్పించే విషయం. మా దగ్గర ఒక లోయలో, ట్రాక్టర్ పోయేంత వెడల్పున రాళ్లు పరిచిన గట్టి దారి ఫుట్‌పాత్‌గా ఉంది. దాని అవతల మోకాలిలోతు బురదలో పోయే సన్నటి బాట బ్రైడిల్‌వే. డెఫినిటివ్ మ్యాప్‌లు తయారుచేసిన కాలంలో ఏ ఊరివాళ్లు ఏమని రాసి పంపితే చాలావరకు అదే నిలిచిపోయింది. ఒకే దారి ఊరి పొలిమేర దాటగానే బ్రైడిల్‌వే నుంచి ఫుట్‌పాత్‌గా మారిపోయే చోట్లు కూడా ఉన్నాయి. గుర్రమైనా బైకైనా అక్కడిదాకా వచ్చి ఆగిపోవాలా?

దీన్ని చూపించి కొందరు కిండర్ స్కౌట్ సంగతి ఎత్తుతారు. 1932 ఏప్రిల్ 24న నడకంటే ఇష్టమున్నవాళ్లు వందల మంది, పక్షుల వేట కోసం సొంతదారులు మూసేసిన ఆ కొండ మీదికి కావాలనే ఎక్కారు. కొందరు యువకులు జైలుకు వెళ్లారు. ఇవాళ నడిచేవాళ్లకున్న హక్కుల వెనక ఆ రోజు ఉంది. "వాళ్లు ట్రెస్‌పాస్ చేస్తే పోరాటం, మేం చేస్తే తప్పా?" అని అడుగుతారు. నేను దీని గురించి చాలా ఆలోచించాను. తేడా ఉంది. కిండర్ ఎక్కినవాళ్లు ముందే చెప్పి, పట్టపగలు, దారి మూసేసిన సొంతదారులను ఎదిరించారు. ఫుట్‌పాత్ మీద బైక్ దింపేవాడు ఏ సొంతదారునూ ఎదిరించడం లేదు. అతని వల్ల పక్కకు తప్పుకోవాల్సింది మా అమ్మలాంటివాళ్లు.

స్కాట్లాండ్ ఉదాహరణ మాత్రం బలమైనదే. అక్కడ 2003 నాటి భూసంస్కరణ చట్టం ప్రకారం, బాధ్యతగా ప్రవర్తించే షరతు మీద నడిచేవాళ్లకూ సైకిళ్లకూ గుర్రాలకూ దాదాపు అన్ని దారులూ, బయళ్లూ తెరిచే ఉన్నాయి. అక్కడ తొక్కాను, చాలా బాగుంది. ఎదురైనవాళ్లు సైకిల్ చూసి ఆశ్చర్యపోరు, ఎందుకంటే అక్కడ అందరూ అదే నియమంతో బయల్దేరతారు. ఇంగ్లండ్‌లోనూ వెడల్పైన గట్టి దారులనైనా సైకిళ్లకు తెరవాలని నేను కోరుకుంటాను, అందుకోసం సంతకాలూ చేశాను. కానీ నియమం మారితే అందరికీ ఒకేసారి తెలుస్తుంది, బోర్డులు మారతాయి, నడిచేవాళ్లు తమ జాగ్రత్తలో తాముంటారు. ఎవరికి వాళ్లు మనసులో నియమం మార్చుకుంటే అవతలివాళ్లకు తెలిసేదెలా?

ఇక మీరు తొక్కాలనుకుంటే ఏం చేయాలో చెబుతాను. బ్రిటన్ ప్రభుత్వ మ్యాపుల సంస్థ ఆర్డ్నెన్స్ సర్వే వాళ్ల ఎక్స్‌ప్లోరర్ మ్యాప్ తీసుకోండి. అందులో ఆకుపచ్చ పొట్టి గీతలు ఫుట్‌పాత్, పొడుగు గీతలు బ్రైడిల్‌వే. నేల మీద అయితే పసుపు బాణం నడిచేవాళ్లది, నీలం బాణం బ్రైడిల్‌వే, ఊదా, ఎరుపు బైవేలవి. ఫోన్ యాప్‌లో ఎవరో తొక్కిన గీత కనబడినంత మాత్రాన అది సైకిల్ దారి అనుకోకండి. మా ప్రాంతంలో కొత్తవాళ్లు ఫుట్‌పాత్‌ల్లోకి వచ్చేది ఎక్కువగా ఆ గీతల్ని నమ్మే. "ఓపెన్ యాక్సెస్" అని గుర్తించిన కొండ ప్రాంతాల్లో 2000 నాటి చట్టం ఇచ్చిన హక్కు కూడా నడకకే, సైకిల్‌కు కాదు.

మొదటిసారి పొడుగ్గా తొక్కాలంటే దక్షిణ ఇంగ్లండ్‌లోని సౌత్ డౌన్స్ వే మంచిది. వించెస్టర్ నుంచి ఈస్ట్‌బోర్న్ దాకా సుమారు 160 కిలోమీటర్లు, పూర్తిగా సైకిల్ తొక్కగలిగే దారి ఉంది. దూకుడుగా దిగాలని ఉంటే వేల్స్‌లోని కోయిడ్ ఎ బ్రెనిన్ లాంటి ట్రయల్ సెంటర్లకు వెళ్లండి. అవి బైకుల కోసమే కట్టినవి, మలుపు అవతల ఎవరో నడిచొస్తారన్న టెన్షన్ ఉండదు.

హక్కున్న చోట కూడా కాస్త వెనక్కి తగ్గడం మంచిదని నేను నేర్చుకున్నది వేల్స్‌లోనే. అక్కడి అతి ఎత్తైన కొండ అర్ విద్‌వా (స్నోడన్) మీదికి పోయే బ్రైడిల్‌వేల్లో మే నుంచి సెప్టెంబర్ చివరిదాకా ఉదయం 10 నుంచి సాయంత్రం 5 మధ్య తొక్కవద్దని ఒక స్వచ్ఛంద ఒప్పందం ఉంది. చట్టం బలవంతం లేదు. చాలామంది తెల్లవారకముందే బయల్దేరి, జనం వచ్చేలోపు దిగిపోతారు. నేనూ అలాగే వెళ్లాను, కొండ అంత ఖాళీగా ఉండడం వేరే వేళల్లో చూడలేం.

రెండు బ్రైడిల్‌వేల మధ్య చిన్న ఫుట్‌పాత్ ముక్క అడ్డొస్తే నేను దిగి బైక్‌ను నడిపించుకుంటూ పోతాను. దాని మీద కూడా చట్టపరంగా భిన్నాభిప్రాయాలున్నాయి, కానీ నన్ను ఎవరూ ఆక్షేపించలేదు. అంతకంటే మంచిది, సొంతదారును అడగండి. మా దగ్గర ఒక రైతును అడిగితే, గొర్రెలు ఈనే కాలంలో మాత్రం వద్దని, మిగతా రోజుల్లో కొట్టం వెనక బండిదారిలో పొమ్మని చెప్పాడు. అనుమతి ఉంటే అది ట్రెస్‌పాస్ కాదు. నడిచేవాళ్ల హక్కు మాత్రం అలాగే ఉంటుంది, వాళ్లకు దారి ఇవ్వాల్సింది మీరే.

మీ దగ్గర ఏదైనా ఫుట్‌పాత్ ఒకప్పుడు గుర్రాలో బండ్లో పోయిన దారని అనిపిస్తే, దాన్ని బ్రైడిల్‌వేగానో బైవేగానో మార్చమని కౌన్సిల్‌కు దరఖాస్తు పెట్టవచ్చు. ఎవరైనా పెట్టవచ్చు, లాయర్ అక్కర్లేదు. పాత టైథ్ మ్యాప్‌లు (చర్చి పన్ను కోసం గీసినవి), ఎన్‌క్లోజర్ రికార్డులు (ఉమ్మడి భూములను పంచి కంచె వేసినప్పటివి) సాక్ష్యంగా పనికొస్తాయి, వాటిని జిల్లా ఆర్కైవ్‌లో చూడనిస్తారు. ఏళ్లు పడుతుంది. నేను పైన చెప్పిన లోయలోని రాళ్ల దారికి మేం కొందరం ఆ పనే మొదలుపెట్టాం. మాలో ఎక్కువమంది గుర్రాలవాళ్లే, పాత కాగితాలు చదవడంలో వాళ్లకున్న ఓపిక సైకిల్ వాళ్లకు లేదు. మీరు ఏ ప్రాంతంలో ఉంటారో కామెంట్‌లో రాస్తే, అక్కడ ఏ మ్యాప్ షీట్ కొనాలో చెబుతాను.