నీళ్లు పోసుకోవడం, నీళ్లాడటం

ప్రశ్న: మా అమ్మాయి ఈమధ్యే ఒక ఆసుపత్రిలో కాన్పుల వార్డు నర్సుగా చేరింది. పెరిగింది బెంగళూరులో కాబట్టి ఇంట్లో మాట్లాడే తెలుగు తప్ప పల్లె పలుకుబడి అంతగా తెలియదు. మొన్న ఒక పెద్దావిడ కోడలిని వెంటబెట్టుకొచ్చి ‘మా కోడలు నీళ్లోసుకుందమ్మా’ అన్నదట. ఉమ్మనీరు పోయిందనుకొని మా అమ్మాయి చక్రాల కుర్చీ కోసం పరుగెత్తింది. తీరా చూస్తే ఆ కోడలికి మూడో నెల. నాకు తెలిసినంతలో ‘నీళ్లాడింది’ అంటే కాన్పయిందని అర్థం. మరి ఈ రెండు మాటలకూ తేడా ఏమిటి? అదే ఆసుపత్రి గోడ మీద ‘గర్భిణీలు’ అని రాసి ఉంది. అది ఒప్పేనా?
– ఒక పాఠకురాలు

జవాబు: మీకు తెలిసింది సరైనదే. నీళ్లాడటం అంటే ప్రసవించడం. నీళ్లు పోసుకోవడం అంటే గర్భం ధరించడం. రెండు మాటల్లోనూ ఉన్నవి స్నానం నీళ్లే. ఉమ్మనీటితో వాటికి ఏ చుట్టరికమూ లేదు.

మీ అమ్మాయి క్రియను కాస్త గమనించి ఉంటే పరుగు తప్పేది. చేసిన పని చేసినవారికే చెందినప్పుడు తెలుగులో క్రియకు ‘కొను’ చేరుతుంది. వండుకుంది, కట్టుకుంది, పోసుకుంది అన్నవి అలాంటివి. ఉమ్మనీటిని ఎవరూ పోసుకోరు. అది పోతుంది, కారుతుంది. ఆ పెద్దావిడ కోడలికి నిజంగా ఉమ్మనీరే పోయి ఉంటే ‘పోయింది’ అనేది తప్ప ‘పోసుకుంది’ అనేది కాదు.

ఇక గర్భానికీ స్నానానికీ ముడి ఎక్కడ? ముట్టయిన స్త్రీ మూడు రోజులు బయట కూర్చుని, నాలుగో రోజు తలమీదుగా నీళ్లు పోసుకునే ఆచారం నిన్నమొన్నటిదాకా ఉన్నదే. ఆ స్నానం తరువాత మళ్లీ ముట్టు రాకపోతే లెక్కకు మిగిలేవి ఆ నీళ్లే. కడుపు అన్న మాట నలుగురిలో అనడానికి మొహమాటపడి, ఆ స్నానాన్ని చెప్పి ఊరుకోవడం నుంచే ఈ పలుకుబడి వచ్చిందని నా అభిప్రాయం. తమాషా ఏమిటంటే డాక్టర్లు కూడా గర్భం నిలిచిన రోజు నుంచి కాక, ఆఖరి ముట్టు మొదటి రోజు నుంచే వారాలు లెక్కపెడతారు.

‘నీళ్లాడు’ దారి ఇంకా తిన్ననిది. నీరాడటం, జలకాలాడటం అంటే స్నానం చేయడమేగా. కాన్పు తరువాత జరిగే పురిటి స్నానం పేరు కాన్పుకే వచ్చింది. ‘నీళ్లాడటానికి పుట్టింటికి వచ్చింది’ అనే మాట మీరూ వినే ఉంటారు. స్నానమైనా ఆ మనిషిని వెంటనే పనిలోకి దింపరు, ‘పచ్చి బాలింత, ఒళ్లింకా పచ్చిగానే ఉంది’ అంటారు. ఈ ‘పచ్చి’ ఉత్త ముద్దుమాట కాదు. మామూలుగా గర్భసంచి 60–70 గ్రాములు తూగుతుంది. నెలలు నిండేసరికి బిడ్డ, మాయ, ఉమ్మనీరు కాకుండా అదొక్కటే కిలో దాకా బరువెక్కుతుంది. కాన్పయ్యాక మళ్లీ ముడుచుకుని మునుపటి స్థితికి రావడానికి సుమారు ఆరు వారాలు పడుతుంది. అన్నాళ్లూ లోపలంతా పచ్చిపుండే.

మీరు అడగలేదు గానీ, ఆ వార్డులో ఇంతకంటే పెద్ద చిక్కు తెచ్చే మాట ఇంకొకటి ఉంది. ‘ఎన్నో నెల?’, ‘ఎన్ని నెలలు?’ అన్నవి రెండు వేరువేరు ప్రశ్నలు. మొదటిదానికి నడుస్తున్న నెల చెబుతారు, రెండోదానికి నిండిన నెలలు చెప్పాలి. ‘తొమ్మిదో నెల పడింది’ అంటే ఎనిమిది నిండాయని, అంటే సుమారు 35 వారాలు. ‘తొమ్మిది నెలలు నిండాయి’ అంటే 39 వారాలు దాటాయని. 37 వారాలు నిండకముందే పుట్టిన బిడ్డను నెలలు నిండని బిడ్డగానే చూస్తారు. కాబట్టి ‘పడింది’, ‘నిండాయి’ అనే రెండు క్రియల మధ్య ఒక నెల బిడ్డ ఎదుగుదల ఉంది. రెంటినీ కలిపి ‘తొమ్మిది నెలలండీ’ అని తేల్చేసేవాళ్లను మళ్లీ అడగక తప్పదు.

‘ఎప్పుడు నెల తప్పింది?’ అన్న ప్రశ్నా ఇలాంటిదే. నెల తప్పడమంటే రావలసిన ముట్టు రాకపోవడం. నెలనెలా సరిగా ముట్టయ్యే మనిషికి ఆ రోజుకే డాక్టర్ లెక్కలో నాలుగు వారాలు గడిచి ఉంటాయి. కావలసింది ఆఖరుసారి ముట్టయిన తేదీ. దానికి తొమ్మిది నెలలూ ఏడు రోజులూ కలిపి కాన్పు తేదీ చెబుతారు. మన పెద్దవాళ్లు తొమ్మిది నెలల తొమ్మిది రోజులు అంటారు. రెండు రోజుల తేడా, అంతే!

అచ్చ తెలుగులో గర్భానికి ‘చూలు’ అని చక్కని మాట ఉంది. చూలు, ఆలు కలిస్తే చూలాలు. నిండు చూలాలు ఇప్పుడు కథల్లోనే కనిపిస్తోంది గానీ ‘తొలిచూలు’ ఇంకా జనం నోట ఉంది. బిడ్డ కదలిక తొలిచూలు మనిషికి 18–20 వారాలకు తెలిస్తే, మలిచూలుకు ఒకటి రెండు వారాలు ముందే తెలుస్తుంది. అనుభవం అలాంటిది. కడుపుతో ఉన్న పశువును మాత్రం చూడి అంటారు. చూడి గేదె ఈనుతుంది, మనిషి కంటుంది. ఈ హద్దు దాటితే తిట్టవుతుంది.

చివరగా, గోడ మీది రాత. సంస్కృతంలో ‘గర్భిణీ’ చివర దీర్ఘం. తెలుగులోకి వచ్చాక అది పొట్టిదై ‘గర్భిణి’ అయింది, ‘నదీ’ మనకు ‘నది’ అయినట్టే. బహువచనంలో నదులు అంటాం, నదీలు అనం. అలాగే గర్భిణులు. సమాసంలో పాత దీర్ఘం నిలుస్తుంది కాబట్టి నదీతీరం లాగా ‘గర్భిణీ స్త్రీ’ అనడం వ్యాకరణానికి తప్పు కాదు. అయితే గర్భిణి అన్నాక అది స్త్రీ అని మళ్లీ చెప్పాలా? నేనైతే రాయను. గోడ మీద రంగు వేసేవారు దొరికితే ‘ణీ’ని ‘ణు’ చేయించమని మీ అమ్మాయికి చెప్పండి, ఒక్క అక్షరమే.