నెదర్లాండ్స్‌లో పన్నులు అంత కడతారు కదా, మరి వైద్యం ఉచితం కాదా?

కాదు. 2006 నుంచి అక్కడ 18 దాటిన ప్రతి ఒక్కరూ ప్రైవేటు కంపెనీ దగ్గర బీమా కొనాల్సిందే, కాకపోతే జబ్బు ఉందని కంపెనీ కాదనడానికి వీల్లేదు, ప్రీమియం పెంచడానికీ లేదు. ఆదాయం తక్కువైతే ప్రభుత్వం కొంత సాయం చేస్తుంది.

అసలు గొడవ 'సొంత ఖర్చు' మీద. 2016 నుంచి ఏడాదికి మొదటి 385 యూరోలు మనమే పెట్టుకోవాలి (ఫ్యామిలీ డాక్టర్ దగ్గరికి వెళ్తే ఇది పడదు, పిల్లలకూ లేదు). దీన్ని తగ్గించమని ఒక పక్షం, ఎందుకంటే చేతిలో డబ్బు లేనివాళ్లు స్పెషలిస్టు దగ్గరికి వెళ్లడం వాయిదా వేస్తారు. తగ్గిస్తే ఆ భారం అందరి ప్రీమియం మీదో పన్నుల మీదో పడుతుందని ఇంకో పక్షం. రెండూ నిజమే, అందుకే తేలదు. 2024లో వచ్చిన సంకీర్ణం 2027 నుంచి 165కి దించుతామంది, 2025 జూన్‌లో ఆ ప్రభుత్వమే కూలింది.

నా లెక్కలో సాయం ఎంతన్నదానికన్నా ఎలా ఇస్తున్నారన్నదే పెద్ద సమస్య. ఉదాహరణకు, పిల్లల సంరక్షణ ఖర్చుకి ప్రభుత్వం ఇచ్చే భత్యంలో మోసం చేశారని వేలమంది తల్లిదండ్రుల మీద తప్పుగా ముద్ర వేసి, ఇచ్చిన డబ్బంతా తిరిగి కట్టమన్నారు. దాంతోనే 2021 జనవరిలో అప్పటి ప్రధాని రుట్టే ప్రభుత్వం రాజీనామా చేసింది.