గుంపులో చేరిన గెలాక్సీకి నక్షత్రాలు ఎందుకు పుట్టవు? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: గుంపుల్లో ఉండే గెలాక్సీల్లో కొత్త నక్షత్రాలు పుట్టడం ఆగిపోతుందని చదివాను. పక్క గెలాక్సీలు వాటిని ఏం చేస్తాయి?
– ఇంటర్ విద్యార్థిని, ఏలూరు

జవాబు: పక్క గెలాక్సీల కన్నా, వాటి మధ్య ఖాళీగా కనిపించే చోటుతోనే ప్రమాదం ఎక్కువ. అక్కడ కోటి నుంచి పది కోట్ల డిగ్రీల వేడిలో వాయువు నిండి ఉంటుంది. అది ఎంత పలుచన అంటే, లీటరు చోటులో సుమారు ఒక్క కణం! గెలాక్సీ అందులోకి సెకనుకు 1,000 కిలోమీటర్ల వేగంతో దూసుకొస్తుంది. గాలి లేని రోజైనా బండి మీద వెళ్తే మొహానికి కొట్టినట్టు, ఆ వాయువు ఎదురుగాలి అవుతుంది. సాంద్రతను వేగం వర్గంతో గుణిస్తే ఆ ఒత్తిడి వస్తుంది. అంటే వేగం రెట్టింపైతే దెబ్బ నాలుగింతలు. ఖగోళ శాస్త్రవేత్తలు గన్, గాట్ 1972లో ఈ లెక్క కట్టారు. గెలాక్సీ గురుత్వం పట్టు కన్నా ఒత్తిడి ఎక్కువైన చోటల్లా నక్షత్రాలకు ముడిసరుకైన హైడ్రోజన్ ఊడిపోతుంది. పట్టు తక్కువ ఉండే అంచులు ముందు పోతాయి, మధ్యభాగం చివరికి. నక్షత్రాలను మాత్రం ఈ గాలి కదిలించలేదు.

నక్షత్రాల పుట్టుక ఆగే రెండో దారి నెమ్మదైనది. గండి పడిన చెరువు వెంటనే ఖాళీ అవుతుంది. వాగును మళ్లిస్తే మాత్రం కొన్నాళ్లు నీళ్లుంటాయి. గెలాక్సీ చుట్టూ దూరంగా ఆవరించి ఉండే పలుచని వాయువే ఆ వాగు. గుంపులో చేరాక అది పోతుంది, లోపలికి కొత్త సరుకు రాదు. మామూలు సర్పిలాకార గెలాక్సీ దగ్గరున్న అణువుల రూపంలోని హైడ్రోజన్ (H₂) సుమారు 200 కోట్ల ఏళ్ల వాడకానికే సరిపోతుంది. అందుకే చాలా గెలాక్సీలు గుంపులో చేరిన 200–400 కోట్ల ఏళ్ల దాకా మామూలుగానే నక్షత్రాలను కంటూ ఉండి, ఆ తర్వాత 100 కోట్ల ఏళ్లలోపే చల్లబడతాయి.

ప్రశ్న: చుక్కలా కనిపించే దూరపు గెలాక్సీలో నక్షత్రాల పుట్టుక ఆగిందని ఎలా చెబుతారు? రంగు చూస్తే చాలదా?
– భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు, వరంగల్

జవాబు: చాలదు. బరువైన నీలి నక్షత్రాలు తొందరగా అయిపోతాయి, కొత్తవి పుట్టకపోతే ఎర్రవే మిగులుతాయి. ఖగోళ శాస్త్రవేత్తలు బుచర్, ఓమ్లర్ 1978 నుంచి చేసిన పనికి ఈ రంగే ఆధారం. కోమా వంటి దగ్గరి గుంపుల్లో నీలి గెలాక్సీలు కొద్ది శాతమే. రెడ్‌షిఫ్ట్ (విశ్వం విస్తరించడం వల్ల కాంతి ఎరుపు వైపు ఎంత జరిగిందో చెప్పే కొలత) 0.5 దగ్గర, అంటే సుమారు 500 కోట్ల ఏళ్ల కిందట, ఇంచుమించు నాలుగో వంతు.

కానీ ధూళి కప్పిన గెలాక్సీ కూడా ఎర్రగానే కనిపిస్తుంది, లోపల నక్షత్రాలు జోరుగా పుడుతున్నా సరే. అందుకే పరారుణ కాంతిలోనూ చూడాలి. గుంపు ముందో వెనకో ఉన్న గెలాక్సీలు కలిసిపోకుండా ఒక్కొక్కదాని రెడ్‌షిఫ్ట్ కొలవాలి.

తర్వాత వర్ణపటం, అంటే రంగులుగా విడదీసిన కాంతి. నక్షత్రాలు పుడుతున్న చోట వెలిగే ఆక్సిజన్ గీత 372.7 నానోమీటర్ల దగ్గర ఉంటుంది, రెడ్‌షిఫ్ట్ 0.5 అయితే అది 559 దగ్గర కనబడుతుంది. ఆ గీత లేకుండా, 410.2 దగ్గర హైడ్రోజన్ నల్లగీత లోతుగా ఉంటే, పుట్టుక గత 100 కోట్ల ఏళ్లలోపే ఆగిందన్నమాట. ఆ లోతైన గీత ఎ-తరగతి (తెల్లగా, వేడిగా ఉండే) నక్షత్రాలది, వాటి ఆయుష్షు అంతే. డ్రెస్లర్, గన్ 1983లో 3సి 295 గుంపులో ఇలాంటివి గుర్తించారు. ఒక జాగ్రత్త: కేంద్రంలోని చురుకైన కృష్ణబిలం కూడా ఆక్సిజన్ గీతను వెలిగించగలదు.

ప్రశ్న: అంటే తప్పంతా గుంపుదేనా?
– పాఠకుడు, కర్నూలు

జవాబు: కాదు. బాగా బరువైన గెలాక్సీలు ఒంటరిగా ఉన్నా నక్షత్రాలను కనడం ఆపేస్తాయి. వాటి విషయంలో కృష్ణబిలం చుట్టుపక్కల వాయువును చల్లబడనివ్వకపోవడమే ముఖ్య కారణమని భావిస్తున్నారు. గుంపు దెబ్బ తేలికపాటి గెలాక్సీల్లోనే స్పష్టంగా కనిపిస్తుంది.

ప్రశ్న: ఊడిపోయిన వాయువు ఏమవుతుంది?
– డిగ్రీ విద్యార్థి, నెల్లూరు

జవాబు: మీ పక్కనే ఉన్న శ్రీహరికోట నుంచి 2015 సెప్టెంబరు 28న వెళ్లిన ఇస్రో ఖగోళ పరిశీలన ఉపగ్రహం ఆస్ట్రోశాట్ ఇందుకు మంచి సాక్ష్యం ఇచ్చింది. ఏబెల్ 85 గుంపులోకి జెఓ201 అనే గెలాక్సీ సెకనుకు 3,300 కిలోమీటర్లకు పైగా వేగంతో పడుతోంది. ఆస్ట్రోశాట్ అతినీలలోహిత దూరదర్శిని దాని వెనక జెల్లీచేప కాళ్లలా వేలాడే పాయల్లో కుర్ర నక్షత్రాల ముద్దలను చూసింది. ఊడిన వాయువులో కొంత అక్కడే చల్లబడి నక్షత్రాలవుతోంది. మిగతాది గుంపులోని వేడి వాయువులో కలుస్తుంది.