ఓకేలో ఓ ఏంటి, కే ఏంటి?

ప్రశ్న: పొద్దున లేచిన దగ్గర్నుంచి ‘ఓకే’ అంటూనే ఉంటాం కదండీ, అసలు అది దేనికి పొట్టి పేరు?

జవాబు: ‘ఆల్ కరెక్ట్’కండీ. అప్పట్లో అమెరికాలో బోస్టన్ పేపర్లవాళ్లకి కావాలని తప్పు స్పెల్లింగ్‌తో మాటలు రాసి వాటిని పొట్టి చేయడం సరదా, అలా ‘ఓల్ కొరెక్ట్’ (oll korrect) కాస్తా ఓకే అయ్యి 1839 మార్చి 23న బోస్టన్ మార్నింగ్ పోస్ట్‌లో అచ్చయింది. అలాంటివి చాలానే పోయాయి గానీ ఇది బతికింది, ఎందుకంటే 1840 ఎన్నికల్లో ప్రెసిడెంట్ వాన్ బ్యూరెన్‌ది కిండర్‌హుక్ ఊరు కావడంతో ‘ఓల్డ్ కిండర్‌హుక్’ అని ఆయన మనుషులు ఓకే క్లబ్బులే పెట్టేశారు. ఆయన ఓడిపోయాడు, మాట మిగిలింది. పాత పేపర్లన్నీ తిరగేసి 1960ల్లో ఇదంతా తేల్చింది అలెన్ వాకర్ రీడ్ అనే ప్రొఫెసర్, ఆయన ఓపికకి నిజంగా దణ్ణం పెట్టాలండీ.