స్నేహితుడి పెళ్లి మనమే చేయించాలంటే: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: నా రూమ్మేట్ పెళ్లి వచ్చే నెల డాలస్ దగ్గర. ఆదివారం ఉదయం 10.30కి ముహూర్తం. మంత్రాలకు పంతులుగారు ఉన్నారు. మ్యారేజ్ లైసెన్స్ (పెళ్లికి ముందు ప్రభుత్వం ఇచ్చే అనుమతి కాగితం) మీద సంతకం మాత్రం నువ్వే పెట్టాలని పట్టుబడుతున్నాడు. ఆన్‌లైన్‌లో ఆర్డినేషన్ (పెళ్లిళ్లు చేయించే మతాచార్యుడి హోదా) తీసుకుంటే మతం మారినట్టా? టెక్సస్‌లో అది చెల్లుతుందా? ఏది ముందు, ఏది వెనక?
– ఫ్రిస్కో, టెక్సస్

జవాబు: మతం మారినట్టు కాదు. యూనివర్సల్ లైఫ్ చర్చ్, అమెరికన్ మ్యారేజ్ మినిస్ట్రీస్ లాంటి సంస్థలు ఏ నమ్మకం ఉన్నవారికైనా ఆర్డినేషన్ ఇస్తాయి. బాప్టిజం అడగరు. పాస్‌పోర్టులో ఉన్న పేరు, చిరునామా, ఈమెయిల్ ఇస్తే నిమిషాల్లో అయిపోతుంది. ఇంట్లో పిలిచే పేరుతో మాత్రం తీసుకోకండి. రేపు లైసెన్స్ మీద రాసే పేరు, ఆర్డినేషన్ పేరు ఒకటిగా ఉండాలి.

టెక్సస్ ఫ్యామిలీ కోడ్ ప్రకారం పెళ్లి చేయించే అధికారం వీరికి ఉంది: ఆర్డినేషన్ పొందిన క్రైస్తవ మినిస్టర్లు (మతాచార్యులు), యూదుల రబ్బీలు, ఏదైనా మతసంస్థలో పదవి ఉండి పెళ్లిళ్లు చేయించేందుకు ఆ సంస్థ అనుమతి పొందినవారు, జడ్జీలు. ఆన్‌లైన్‌లో ఆర్డినేషన్ తీసుకున్నవాళ్లు దీని కిందే చేయిస్తున్నారు. అక్కడ ముందుగా ఎక్కడా పేరు నమోదు చేసుకోనక్కర్లేదు. మీ పంతులుగారికి గుడి తరఫున అనుమతి ఉంటే ఆయనా సంతకం పెట్టవచ్చు. ఎవరైనా ఒక్కరే పెట్టాలి. ఆ ఒక్కరు ఎవరో పెళ్లిపీటల మీద కాదు, వారం ముందే తేల్చుకోండి.

ఆర్డినేషన్ కంటే మీరు భయపడాల్సింది గడియారానికి. టెక్సస్‌లో లైసెన్స్ చేతికొచ్చిన క్షణం నుంచి 72 గంటలు పెళ్లి చేయకూడదు. వధూవరులు గురువారం మధ్యాహ్నం మూడింటికి తీసుకుంటే ఆదివారం మధ్యాహ్నం మూడు దాటాలి. మీ ముహూర్తం 10.30కి. అంటే నాలుగున్నర గంటలు ముందే పెళ్లి చేసినట్టవుతుంది. సైన్యంలో ఉన్నవారికి, ప్రభుత్వం గుర్తించిన పెళ్లి తరగతులు పూర్తిచేసినవారికి ఈ ఆగుడు లేదు. మిగతావాళ్లు బుధవారానికల్లా తీసుకోవాలి. మరీ ముందు తీసుకున్నా ఇబ్బందే, 90 రోజులకు గడువు తీరిపోతుంది. లైసెన్స్ టెక్సస్‌లో ఏ కౌంటీలో (మన జిల్లా లాంటిది) తీసుకున్నా రాష్ట్రమంతటా చెల్లుతుంది. సాక్షులు అక్కర్లేదు.

పెళ్లయ్యాక తేదీ, పెళ్లి జరిగిన కౌంటీ, మీ పేరు రాసి సంతకం చేసి, లైసెన్స్ ఇచ్చిన కౌంటీ క్లర్క్ ఆఫీసుకే 30 రోజుల్లో చేర్చాలి. ఇది మీ బాధ్యత, పెళ్లికొడుకుది కాదు. మరచిపోతే 200 నుంచి 500 డాలర్ల జరిమానా పడుతుంది. అంతకంటే పెద్ద చిక్కు ఆ జంటకు. కాగితం రికార్డుకెక్కకపోతే మ్యారేజ్ సర్టిఫికెట్ రాదు, అది లేక వీసా ఆగుతుంది, ఇన్సూరెన్స్ ఆగుతుంది. సోమవారమే వెళ్లి చేత్తో ఇచ్చి రండి.

ప్రశ్న: మేముండేది నేపర్‌విల్‌లో. పెళ్లి అరోరా బాలాజీ గుడిలో. అరగంట దూరం కూడా లేదు. లైసెన్స్ మా ఇంటి దగ్గర తీసుకోవచ్చా?
– నేపర్‌విల్, ఇల్లినాయ్

జవాబు: తీసుకోకండి. ఇల్లినాయ్‌లో లైసెన్స్ ఏ కౌంటీ ఇస్తే ఆ కౌంటీలోనే చెల్లుతుంది. అరోరా ఊరు ఏకంగా నాలుగు కౌంటీల్లో పరుచుకుని ఉంది. గుడి ఉన్నది కేన్ కౌంటీలో. మీ ఇంటి దగ్గర డుపేజ్ కౌంటీలో తీసుకుంటే ఆ గుడిలో అది పనికిరాదు. ఊరి పేరు చూసి కాదు, పెళ్లి మండపం చిరునామా ఏ కౌంటీలోకి వస్తుందో చూసి వెళ్లాలి. లైసెన్స్ తీసుకున్న మర్నాటి నుంచి 60 రోజులు చెల్లుతుంది. సంతకం చేసిన కాగితం పది రోజుల్లో తిరిగి చేరాలి.

ప్రశ్న: మా అబ్బాయి పెళ్లి కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో. "పంతులుగారు తంతు జరిపిస్తారు, చట్టానికి మా ఫ్రెండ్ ఉంటాడు" అంటున్నాడు. అలా ఇద్దరు చేయిస్తే అసలు పెళ్లి ఎవరు చేసినట్టు? శుభలేఖలో "శనివారం రాత్రి తెల్లవారితే ఆదివారం" అని వేశాం. లైసెన్స్ కాగితం మీద ఏ తేదీ రాయాలి?
– గుంటూరు

జవాబు: మీ సందేహం సబబైనదే. మీకు, మాకు పెళ్లంటే జీలకర్ర-బెల్లం, మంగళసూత్రం, సప్తపది. కాలిఫోర్నియా చట్టం చూసేది వేరు. ఫలానా తంతే ఉండాలని అది అడగదు. అధికారం ఉన్న వ్యక్తి ఎదుట, సాక్షి ఎదుట, ఇద్దరూ ఒకరినొకరు జీవిత భాగస్వామిగా స్వీకరిస్తున్నామని చెప్పాలి, అంతే. మన తంతులో సరిగ్గా ఇక్కడే ఒక ఖాళీ ఉంది. "నాతిచరామి" అనేది వరుడు. వధువు నోరు తెరిచి ఒప్పుకునే మాట చాలా పెళ్లిళ్లలో వినపడదు. అందుకని ఆ స్నేహితుడు రెండు నిమిషాలు తీసుకుని ఇద్దరినీ విడివిడిగా అడగాలి: "ఈమెను భార్యగా స్వీకరిస్తున్నావా?" "ఇతన్ని భర్తగా స్వీకరిస్తున్నావా?" తెలుగులోనే అడగవచ్చు, అడిగే మాట సాక్షికి కూడా అర్థమైతే చాలు.

ఇది ఎప్పుడు పెట్టాలి? మా సలహా మాంగల్యధారణ అయ్యాక, తలంబ్రాలకు ముందు. ముహూర్తానికి అడ్డు రాదు. తలంబ్రాలు మొదలయ్యాక ఎవరి మాటా ఎవరికీ వినపడదు. పంతులుగారికి, మేళంవాళ్లకు ముందు రోజే చెప్పి ఉంచండి. చెప్పకపోతే ఆయన తలంబ్రాల పళ్లెం అందించేస్తారు.

తేదీ సంగతి. పంచాంగానికి సూర్యోదయం దాకా శనివారమే. కౌంటీకి అర్ధరాత్రి దాటితే ఆదివారం. తెల్లవారుజామున మూడింటికి మంగళసూత్రం కడితే కాగితం మీద ఆదివారం తేదీ రాయాలి. లైసెన్స్ 90 రోజుల గడువు ఆ శనివారంతో ముగిసేలా ఉంటే ముందే కొత్తది తీసుకోవాలి.

కాలిఫోర్నియాలో సాధారణ లైసెన్స్‌కు ఒక సాక్షి తప్పనిసరి, ఇద్దరికి చోటుంటుంది. అక్షతలు పట్టిన పసుపు చేతులతో లైసెన్స్ ముట్టుకోనివ్వకండి. దాని మీద కొట్టివేతలు, వైట్నర్, మరకలు ఉంటే కౌంటీ తిప్పి పంపుతుంది. పీటలకు దూరంగా ఒక బల్ల, నల్ల సిరా పెన్నులు రెండు, తడి గుడ్డ ఒకటి పెట్టండి. కాగితం కవర్లోనే ఉండాలి, దాని బాధ్యత ఒక్కరికే అప్పగించాలి. ఆ స్నేహితుడు దాన్ని పది రోజుల్లో లైసెన్స్ ఇచ్చిన కౌంటీకే పంపాలి. సర్టిఫైడ్ కాపీ తనంతట రాదు, విడిగా డబ్బు కట్టి తెప్పించుకోవాలి. ఇండియాలో చూపాలంటే దాని మీద ఆ రాష్ట్ర సెక్రటరీ ఆఫ్ స్టేట్ ఆఫీసులో అపోస్టిల్ (విదేశాల్లో చెల్లేలా వేసే ధ్రువీకరణ ముద్ర) వేయించాలి.

కోడలు పెళ్లి తర్వాత ఇంటిపేరు మార్చుకోదలిస్తే లైసెన్స్ దరఖాస్తులోనే రాయాలి. ఇచ్చేశాక దిద్దరు. మన ఇంటిపేరు ముందొస్తుంది, వాళ్ల ఫారంలో చివరొస్తుంది. పాస్‌పోర్టు పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం సరిచూడమనండి.

ఆ స్నేహితుడికి ఆర్డినేషన్ ఇష్టం లేకపోతే మరో దారి ఉంది. కాలిఫోర్నియాలో చాలా కౌంటీ క్లర్క్ ఆఫీసులు మామూలు మనిషిని ఒక్కరోజుకు డిప్యూటీ కమిషనర్ ఆఫ్ సివిల్ మ్యారేజెస్‌గా నియమిస్తాయి. మతంతో సంబంధం లేదు. మాకు నచ్చిన దారి ఇదే.

ప్రశ్న: మా చెల్లెలి పెళ్లి నేనే చేయించాలనుకుంటున్నాను. నాకు ఏ చర్చి పేరూ వద్దు.
– క్వీన్స్, న్యూయార్క్

జవాబు: మీ రాష్ట్రంలో 2023 మార్చి నుంచి ఒక్కరోజు అఫిషియెంట్ (పెళ్లి చేయించే వ్యక్తి) లైసెన్స్ ఉంది. పద్దెనిమిదేళ్లు నిండితే చాలు, రుసుము 25 డాలర్లు, ఆ ఒక్క పెళ్లికే పనికొస్తుంది. పెళ్లికి ముందే చేతిలో ఉండాలి. వధూవరుల లైసెన్స్‌కు 24 గంటల ఆగుడు, 60 రోజుల గడువు. ఒక సాక్షి కావాలి. సంతకాలయ్యాక అయిదు రోజుల్లో తిరిగి చేర్చాలి, పైన చెప్పిన రాష్ట్రాలతో పోలిస్తే ఇది తక్కువ. మసాచుసెట్స్‌లో ఇలాంటి ఒక్కరోజు అనుమతి గవర్నర్ ఆఫీసు ఇస్తుంది, అక్కడా 25 డాలర్లే.

ప్రశ్న: ఆన్‌లైన్ ఆర్డినేషన్ ఇప్పటికే ఉంది. వచ్చే ఏడాది వర్జీనియాలోని యాష్‌బర్న్‌లో ఫ్రెండ్ పెళ్లి. సరిపోతుందా?
– షార్లెట్, నార్త్ కరోలినా

జవాబు: దాన్ని నమ్ముకోకండి. వర్జీనియాలో మినిస్టర్ ముందుగా సర్క్యూట్ కోర్టులో అనుమతి తీసుకోవాలి. యూనివర్సల్ లైఫ్ చర్చ్ మినిస్టర్లు తమ చట్టం చెప్పే మినిస్టర్లు కారని ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు 1974లోనే తీర్పిచ్చింది. తిప్పలు లేని మార్గం: వధూవరులు ముందు రోజు కోర్టు నియమించిన సివిల్ సెలబ్రెంట్ (మతంతో సంబంధం లేకుండా పెళ్లి చేయించే వ్యక్తి) దగ్గర సంతకాలు కానిచ్చుకోవడం, మర్నాడు మండపంలో మీరు పెళ్లి నడిపించడం. వచ్చినవాళ్లకు తేడా తెలియదు, చట్టానికి లోటు ఉండదు. టెన్నెసీలోనూ 2019లో ఆన్‌లైన్ ఆర్డినేషన్‌కు వ్యతిరేకంగా చట్టం చేశారు, అది కోర్టుకెక్కింది. ఈ రెండు రాష్ట్రాల్లో పెళ్లయితే శుభలేఖలు అచ్చు వేయకముందే క్లర్క్‌కు ఫోన్ చేయండి.

ప్రశ్న: అమెరికాలో తీసుకున్న ఆర్డినేషన్‌తో హైదరాబాద్‌లో అక్క పెళ్లి చేయించవచ్చా?
– కూకట్‌పల్లి, హైదరాబాద్

జవాబు: ఆ కాగితానికి ఇక్కడ విలువ లేదు. కానీ హిందూ పెళ్లికి అది అవసరమూ లేదు. 1955 హిందూ వివాహ చట్టం పురోహితుడికి లైసెన్స్ ఉండాలని అనదు. ఏడో సెక్షన్ చూసేది తంతును: వధూవరుల్లో ఒకరి ఆచారం ప్రకారం జరగాలి, సప్తపది ఆ ఆచారంలో ఉంటే ఏడో అడుగుతో పెళ్లి పూర్తవుతుంది. మంత్రాలు వచ్చినవారు ఎవరైనా చేయించవచ్చు. తంతు లేకుండా సర్టిఫికెట్ మాత్రం తెచ్చుకుంటే అది హిందూ వివాహం కాదని సుప్రీంకోర్టు 2024లో స్పష్టం చేసింది.

క్రైస్తవ పెళ్లి వేరు. దాన్ని 1872 చట్టం కింద అధికారం ఉన్నవారే చేయించాలి. ప్రత్యేక వివాహ చట్టం కింద అయితే ప్రభుత్వం నియమించిన మ్యారేజ్ ఆఫీసరు, 30 రోజుల నోటీసు, ముగ్గురు సాక్షులు. అక్కడ మీరు సాక్షిగా సంతకం పెట్టగలరు, పెళ్లి చేయించలేరు. తంతు జరుగుతున్నప్పుడు సప్తపది ఫొటో విడిగా, ఇద్దరి ముఖాలూ కనపడేలా తీయించండి. తర్వాత పెళ్లి జరిగిందని రుజువు చూపాల్సి వస్తే పనికొచ్చేది అదే.