నకిలీ నొప్పి మాత్రల గురించి తల్లిదండ్రులకు ఎలా చెప్పాలి?

అమెరికాలోని మీ సంఘంలో నకిలీ మాత్రలపై అవగాహన సభ పెడదామంటే, తల్లిదండ్రులు "మా పిల్లలు అలాంటివాళ్లు కారు" అని కొట్టిపారేస్తున్నారని, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదని రాశారు. ఇక్కడ ఫార్మసిస్టుగా పనిచేస్తూ ఇలాంటి సభల్లో కొన్నేళ్లుగా మాట్లాడుతున్న అనుభవంతో చెబుతున్నాను: మాదకద్రవ్యాల ప్రస్తావనతో మొదలుపెట్టకండి. అది వినగానే, ఇదంతా వేరెవరి పిల్లల గురించో అనుకుంటారు. పరీక్షల ముందు నిద్రపట్టని కుర్రవాడో, ఆటలో మోకాలు దెబ్బతిన్న అమ్మాయో స్నేహితుల దగ్గర తీసుకున్న, లేదా సోషల్ మీడియాలో కొన్న ఒకే ఒక్క మాత్ర గురించి మాట్లాడండి.

నేను తెరమీద రెండు ఫొటోలు పక్కపక్కన చూపిస్తాను. రెండూ గుండ్రటి నీలం మాత్రలే. రెండింటికీ ఒకవైపు గడిలో 'ఎం' అక్షరం, మరోవైపు 30 అంకె ఉంటాయి. ఒకటి డాక్టర్లు రాసే బలమైన నొప్పి మాత్ర, అసలైన ఆక్సికోడోన్; మరొకటి ఫెంటానిల్ అనే, నల్లమందు తరహాకు చెందిన అతి శక్తిమంతమైన మందు కలిపి దొంగచాటుగా తయారుచేసిన నకిలీ. ఏది అసలుదో చెప్పమంటే సభలో అందరూ తలో మాట చెబుతారు. రోజూ మందుల మధ్యే ఉండే నేను కూడా కంటితో చూసి చెప్పలేనని అన్నప్పుడే వారు నిజంగా వినడం మొదలుపెడతారు. గాయకుడు ప్రిన్స్ 2016లో మరణించింది ఇలాంటి నకిలీ మాత్రల వల్లనే. తాను వేసుకుంటున్నది వైకోడిన్ అన్న పేరుతో డాక్టర్లు రాసే నొప్పి మాత్రేనని ఆయన నమ్మారని దర్యాప్తు అధికారులు తేల్చారు.

ఫెంటానిల్ మార్ఫిన్ కంటే సుమారు 100 రెట్లు శక్తిమంతమైనది. 2 మిల్లీగ్రాములు కూడా ప్రాణం తీయవచ్చు. పైగా ఉప్పు సరిగా కలవని పిండిలా, ఒకే గుంపులోని ఒక మాత్రలో అది నామమాత్రంగా, పక్క మాత్రలో ప్రాణాంతకంగా ఉంటుంది. అందుకే "నిన్న వాడు వేసుకున్నాడు, ఏమీ కాలేదు" అన్న ధీమాకు అర్థం లేదు. 2023లో అమెరికా మాదకద్రవ్యాల నియంత్రణ సంస్థ డీఈఏ పరీక్షించిన ఫెంటానిల్ నకిలీ మాత్రల్లో ప్రతి 10లో 7 మాత్రలు ప్రాణాంతకం కాగల మోతాదుతో ఉన్నాయి.

సభలో సగం సమయం మాత్రం, ఫెంటానిల్ లాంటి మందుల వల్ల ఆగిపోతున్న శ్వాసను తిరిగి తెప్పించే నాలాక్సోన్‌కే కేటాయించండి. ఈ ముక్కు స్ప్రేను ప్రిస్క్రిప్షన్ లేకుండా అమ్మడానికి 2023 మార్చిలో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆమోదం లభించింది కనుక ఎవరైనా నేరుగా కొనవచ్చు. మనిషి పిలిచినా పలకకపోవడం, శ్వాస మందగించడం లేదా గురకలాంటి శబ్దం రావడం, పెదవులు నీలిబారడం, కంటిపాపలు సూదిమొనంత కావడం, వీటిని గుర్తించడం నేర్పండి. వెంటనే 911కు ఫోన్ చేసి, ఒక ముక్కురంధ్రంలో స్ప్రే పూర్తిగా కొట్టాలి. 2 లేదా 3 నిమిషాల్లో స్పందన లేకపోతే రెండోది వాడాలి. శ్వాస తిరిగి అందుకుంటే పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. మనిషి లేచి కూర్చున్నా ఒంటరిగా వదలకూడదు, ఎందుకంటే నాలాక్సోన్ ప్రభావం 30 నుంచి 90 నిమిషాల్లో తగ్గిపోయి శ్వాస మళ్లీ ఆగిపోవచ్చు. శిక్షణ కోసం ఇచ్చే ఖాళీ స్ప్రేను ఒక్కసారి చేత్తో నొక్కి చూసినవారిలో బెరుకు చాలావరకు పోవడం నేను ప్రతిసారీ గమనించాను.

పోలీసులు పట్టుకుంటారనో, ఇంట్లో తిడతారనో పిల్లలు ఫోన్ చేయడానికి వెనకాడతారు. సాయం కోసం పిలిచినవారికి చాలా రాష్ట్రాల్లో చట్టం కొంత రక్షణ ఇస్తుంది. మీ రాష్ట్రంలో అది ఎంతవరకో ముందే తెలుసుకుని చెప్పండి. మీ సభకు పిల్లలను కూడా తప్పకుండా పిలవండి. స్నేహితుడు కుప్పకూలినప్పుడు పక్కన ఉండేది చాలాసార్లు తల్లిదండ్రులు కారు, వాళ్లే.